నేపథ్య ప్రోగ్రాముల్లో తొలిదశ దోషాల నమోదు: సమస్య స్వరూపం, పరిష్కార మార్గాలు

వ్యాససంగ్రహం:
కమాండ్ లైన్ నుంచి ప్రారంభమై, టెర్మినల్‌తో సంబంధం తెంచుకొని, తెర వెనుక నిరంతరం పనిచేసే ప్రోగ్రాములను నేపథ్య ప్రోగ్రాములు లేదా డీమన్లు అంటారు. ఇవి తమ దోషాలను లాగ్ ఫైల్‌లో నమోదు చేస్తాయి. అయితే లాగ్ ఫైల్ తెరుచుకోకముందే జరిగే దోషాలను ఎక్కడ నమోదు చేయాలన్నది చిక్కు ప్రశ్న. యూనిక్స్, లినక్స్ వ్యవస్థల ఆధారంగా ఈ తొలిదశ దోషాలు ఎందుకు మాయమవుతాయో, వాటిని నిలబెట్టుకునే పద్ధతులేమిటో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. కొత్త మార్గం పనిచేస్తున్నదని రుజువయ్యే వరకు పాత మార్గాన్ని తెంచుకోకూడదన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: నేపథ్య ప్రోగ్రాం, డీమన్, లాగ్, స్టాండర్డ్ ఎర్రర్, సిస్‌లాగ్, పైప్, నిష్క్రమణ సంఖ్య, సిస్టమ్‌డి.

1. ప్రవేశిక:

ఒక కళాశాల గ్రంథాలయంలో తాళపత్రాల, పాత పత్రికల ఛాయాచిత్రాలను ఒక సర్వర్‌లో దాచుతున్నారని అనుకోవచ్చు. ప్రతి రాత్రీ కొత్త చిత్రాలను మరొక డిస్క్‌లోకి నకలు చేయడానికి ఒక నేపథ్య ప్రోగ్రాం ఉంది. ఒక రోజు కరెంటు పోయి సర్వర్ మళ్లీ మొదలైంది. ఆ సమయానికి రెండవ డిస్క్ వ్యవస్థకు జోడింపబడలేదు. నిర్వాహకుడు ప్రోగ్రాంను ప్రారంభించే ఆదేశం ఇచ్చాడు. తెరమీద ఏ దోషమూ కనిపించలేదు. లాగ్ ఫైల్ తెరిచి చూస్తే అందులోనూ కొత్త దోషమేదీ లేదు. ప్రోగ్రాం సక్రమంగా నడుస్తున్నదనే అతడు భావించాడు. నిజానికి అది మొదలైన క్షణంలోనే ఆగిపోయింది. కొన్ని నెలల తరువాత మొదటి డిస్క్ పాడైనప్పుడు, రెండవ దానిలో ఆ నెలల చిత్రాలు ఒక్కటీ లేవని తెలిసింది.

ఇది ఊహించిన ఉదాహరణే. అయినా సర్వర్ల నిర్వహణలో ఉన్నవారికి ఇటువంటి స్థితి అపరిచితం కాదు. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ప్రోగ్రాం దోషాన్ని గుర్తించలేకపోలేదు. డిస్క్ లేదని దానికి తెలుసు. ఆ సంగతి చెప్పే వాక్యాన్ని కూడా అది తయారుచేసింది. కానీ ఆ వాక్యం వెళ్లిన చోట వినేవారు లేరు. గోడకు చెప్పుకున్నట్లు అయింది. కనుక తొలిదశ దోషాల సమస్య దోషాన్ని కనిపెట్టడానికి సంబంధించినది కాదు, దానిని చేరవేయడానికి సంబంధించినది.

2. నేపథ్య ప్రోగ్రాం – దాని మూడు ప్రవాహాలు:

కంప్యూటర్‌లో నడుస్తున్న ప్రతి ప్రోగ్రాంనూ ప్రాసెస్ అంటారు. యూనిక్స్ సంప్రదాయంలో ప్రతి ప్రాసెస్‌కూ మొదటి నుంచే మూడు ప్రవాహాలు అమర్చి ఉంటాయి. 0 సంఖ్య గలది స్టాండర్డ్ ఇన్‌పుట్, 1 సంఖ్య గలది స్టాండర్డ్ అవుట్‌పుట్, 2 సంఖ్య గలది స్టాండర్డ్ ఎర్రర్. మామూలుగా ఈ మూడూ వాడుకరి కూర్చున్న టెర్మినల్‌కే కలిసి ఉంటాయి.

ఫలితానికి ఒక దారి, దోషానికి మరొక దారి ఉండాలన్న ఆలోచన యూనిక్స్ పుట్టినప్పటి నుంచే ఉన్నది కాదు. 1970లలో బెల్ ప్రయోగశాలలో ఫొటో టైప్‌సెట్టింగ్ యంత్రానికి పంపిన ఫలితాలలో దోష సందేశాలు కూడా కలిసిపోయి అచ్చయిన అనుభవం తరువాత స్టాండర్డ్ ఎర్రర్ ప్రత్యేక ప్రవాహంగా ఏర్పడింది. దోషం ఎవరికి చేరాలో వారికే చేరాలన్న సూత్రానికి ఇది తొలి రూపం.

నేపథ్య ప్రోగ్రాంకు ఈ ఏర్పాటు సరిపోదు. దానిని ప్రారంభించిన వ్యక్తి టెర్మినల్ మూసి వెళ్లిపోతాడు. ప్రోగ్రాం మాత్రం రోజుల తరబడి నడవాలి. ఇటువంటి ప్రోగ్రాంకు డీమన్ అన్న పేరు 1963 ప్రాంతంలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోని ప్రాజెక్ట్ మ్యాక్ బృందం వాడుకలోకి తెచ్చింది. భౌతికశాస్త్రవేత్త జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ తన ఆలోచనా ప్రయోగంలో కల్పించిన, కనబడకుండా అణువులను వేరుచేస్తూ ఉండే పాత్ర ఆ పేరుకు ప్రేరణ. కనబడకుండా పనిచేయడం డీమన్ గుణం. కనబడకుండా ఆగిపోవడం దాని దోషం.

3. దోషాలు మాయమయ్యే మూడు సందర్భాలు:

నేపథ్య ప్రోగ్రాం జీవితంలో మొదటి క్షణాలను మూడు దశలుగా విభజించవచ్చు. మొదటి దశలో అది ఆదేశంతోపాటు వచ్చిన ఐచ్ఛికాలను చదువుతుంది, ఆపైన కాన్ఫిగరేషన్ ఫైల్‌ను చదువుతుంది. రెండవ దశలో టెర్మినల్ నుంచి విడిపోతుంది. మూడవ దశలో లాగ్‌ను తెరిచి, నెట్‌వర్క్ పోర్టులు, డేటాబేస్ వంటి వనరులను సమకూర్చుకొని, అధిక అధికారాలను వదులుకొని అసలు పని మొదలుపెడుతుంది. ఈ మూడింటిలోనూ ఒక్కొక్క చిక్కు ఉంది.

3.1 చక్రీయ ఆధారం:
లాగ్ ఫైల్ ఎక్కడ ఉండాలి, ఎంత తీవ్రత గల సందేశాలు నమోదు కావాలి అన్న వివరాలు కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఉంటాయి. ఆ కాన్ఫిగరేషన్ ఫైల్‌లోనే తప్పు ఉంటే ఆ తప్పును ఎక్కడ నమోదు చేయాలి? లాగ్‌కు కాన్ఫిగరేషన్ ఆధారం. కాన్ఫిగరేషన్‌లోని దోషం చెప్పడానికి లాగ్ ఆధారం. విత్తు ముందా చెట్టు ముందా అన్న వాదం వంటిదే ఇది.

3.2 విడిపోవడం:
పాత సంప్రదాయంలో నేపథ్య ప్రోగ్రాం ఫోర్క్ అనే వ్యవస్థా పిలుపుతో తన ప్రతిరూపాన్ని సృష్టించుకుంటుంది. జనక ప్రాసెస్ ముగుస్తుంది, శిశు ప్రాసెస్ కొనసాగుతుంది. శిశు ప్రాసెస్ సెట్‌సిడ్ పిలుపుతో కొత్త సెషన్‌ను ఏర్పరచుకొని టెర్మినల్ పట్టునుంచి బయటపడుతుంది. సాధారణంగా మరొకసారి ఫోర్క్ చేసి, మళ్లీ ఏ టెర్మినల్‌తోనూ ముడిపడకుండా జాగ్రత్త పడుతుంది. ఆపైన తాను ఉన్న డైరెక్టరీని మూల డైరెక్టరీకి మార్చుకొని, మూడు ప్రవాహాలనూ శూన్య పరికరానికి కలుపుతుంది. శూన్య పరికరం అంటే అందులో ఏది రాసినా నిశ్శబ్దంగా మింగివేసే ఫైల్.

ఈ క్రమంలో చాలా భాగాన్ని ఒక్క పిలుపులో జరిపే డీమన్ అనే ఫంక్షన్ బీఎస్‌డీ 4.4 కూర్పులో వచ్చింది. లినక్స్‌లోని గ్లిబ్‌సీ గ్రంథాలయంలోనూ అది ఉంది. సౌకర్యంగా కనిపించే ఈ ఫంక్షన్‌లోనే ప్రమాదం దాగి ఉంది. ఫోర్క్ సఫలం కాగానే జనక ప్రాసెస్ 0 సంఖ్యతో ముగుస్తుంది. ఆ తరువాత జరిగే దోషాలు శిశు ప్రాసెస్‌కు మాత్రమే తెలుస్తాయి. యూనిక్స్‌లో 0 అంటే విజయం. అంటే పని మొదలవకముందే విజయం ప్రకటితమైపోతుంది. గ్రంథాలయం ఉదాహరణలో జరిగినది ఇదే.

3.3 అధికారాల మార్పు:
చాలా నేపథ్య ప్రోగ్రాములు రూట్ అధికారంతో మొదలై, అవసరమైన వనరులు తెరుచుకొన్నాక సాధారణ వాడుకరి స్థాయికి దిగుతాయి. రూట్‌గా ఉన్నప్పుడు సృష్టించిన లాగ్ ఫైల్ రూట్ యాజమాన్యంలో ఉంటుంది. అప్పటికి తెరిచి ఉన్న ఫైల్‌లో రాయడానికి ఆటంకం లేదు. కానీ లాగ్ ఫైళ్లను మార్చే ప్రక్రియలో దానిని మూసి మళ్లీ తెరవవలసి వచ్చినప్పుడు అనుమతి నిరాకరింపబడుతుంది. ఈ దోషం మొదలైన రోజున కాక, వారం తరువాతనో నెల తరువాతనో బయటపడుతుంది. బీజం మాత్రం తొలిదశలోనే పడింది.

4. విడిపోయేటప్పుడు ఎదురయ్యే సూక్ష్మ ప్రమాదాలు:

టెర్మినల్ నుంచి విడిపోయే సందర్భంలో కొన్ని సాంకేతిక పొరపాట్లు తరచుగా జరుగుతాయి. వీటిని విడిగా పేర్కొనడం అవసరం.

మొదటిది, 2వ ప్రవాహాన్ని మూసివేసి ఊరుకోవడం. యూనిక్స్‌లో కొత్త ఫైల్ తెరిచినప్పుడు దానికి ఖాళీగా ఉన్న సంఖ్యల్లో అతి చిన్నది లభిస్తుంది. 2 ఖాళీగా ఉంటే తరువాత తెరిచే డేటా ఫైల్‌కు ఆ సంఖ్య రావచ్చు. అప్పుడు ఏదో ఒక సహాయక గ్రంథాలయం స్టాండర్డ్ ఎర్రర్‌కు రాసిన దోష సందేశం నేరుగా డేటా మధ్యలో పడి దానిని పాడుచేస్తుంది. అందుకే ప్రవాహాలను మూయడం కాక శూన్య పరికరానికి కలపాలని నియమం.

రెండవది, బఫర్లలో మిగిలిపోయిన పాఠం. సీ భాషలోని ప్రామాణిక గ్రంథాలయం అవుట్‌పుట్‌ను కొంతసేపు స్మృతిలో ఉంచి తరువాత రాస్తుంది. ఆ పాఠం ఇంకా బయటకు పోకముందే ఫోర్క్ జరిగితే దాని ప్రతి జనకంలోనూ శిశువులోనూ ఉంటుంది. ఒకే సందేశం రెండుసార్లు నమోదు కావడానికి ఇది కారణం. ఫోర్క్‌కు ముందు బఫర్లను ఖాళీ చేయడం దీనికి మందు.

మూడవది, థ్రెడ్లు. ఫోర్క్ చేసినప్పుడు ఆ పిలుపు ఇచ్చిన థ్రెడ్ మాత్రమే శిశు ప్రాసెస్‌లో మిగులుతుంది. కొన్ని లాగ్ గ్రంథాలయాలు రాతపని కోసం ప్రత్యేక థ్రెడ్‌ను నడుపుతాయి. అటువంటి గ్రంథాలయాన్ని ఫోర్క్‌కు ముందే ప్రారంభిస్తే, శిశు ప్రాసెస్‌లో సందేశాలు వరుసలో చేరుతూనే ఉంటాయి, వాటిని రాసే థ్రెడ్ మాత్రం ఉండదు. పైకి అంతా సవ్యంగా కనిపిస్తుంది, లాగ్ ఫైల్ ఖాళీగా ఉంటుంది.

నాల్గవది, సాపేక్ష మార్గం. లాగ్ ఫైల్ చిరునామాను మూల డైరెక్టరీ నుంచి పూర్తిగా రాయకపోతే, ముందు వరుసలో నడిపి పరీక్షించినప్పుడు పనిచేసిన చిరునామా, ప్రోగ్రాం మూల డైరెక్టరీకి మారిన తరువాత పనిచేయదు. పరీక్షలో దొరకని దోషం వాడుకలో దొరుకుతుంది.

5. పరిష్కార మార్గాలు:

పై సమస్యలన్నిటికీ ఒక్క మందు లేదు. అయితే ఒకదాని తరువాత ఒకటిగా అమర్చదగిన అయిదు పద్ధతులు ఉన్నాయి.

5.1 విడిపోకముందే పరీక్షించడం:
టెర్మినల్ ఇంకా అందుబాటులో ఉండగానే సాధ్యమైనన్ని దోషాలను బయటపెట్టుకోవడం మొదటి పద్ధతి. కాన్ఫిగరేషన్ ఫైల్‌ను పూర్తిగా చదవడం, అందులోని విలువలను సరిచూడడం, లాగ్ ఫైల్‌ను నిజంగా తెరిచి చూడడం, నకలు చేరవలసిన డైరెక్టరీ ఉన్నదో లేదో చూడడం అన్నీ ఫోర్క్‌కు ముందే జరగాలి. ఇక్కడ వచ్చే దోషం నేరుగా స్టాండర్డ్ ఎర్రర్‌కు వెళ్తుంది. ఆదేశం ఇచ్చిన వ్యక్తి దానిని కళ్లారా చూస్తాడు.

దీనికి అనుబంధంగా కేవలం పరీక్ష కోసమే ఒక ఐచ్ఛికం ఉండడం మంచి సంప్రదాయం. ఎంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్‌లోనూ, ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లోనూ టీ అన్న చిన్న అక్షరంతో ఉన్న ఐచ్ఛికం కాన్ఫిగరేషన్‌ను సరిచూసి, సేవను ప్రారంభించకుండానే ఫలితం చెబుతుంది.

5.2 స్మృతిలో దాచి తరువాత అప్పగించడం:
లాగ్ గమ్యం తెలియనంతవరకు సందేశాలను స్మృతిలోని బఫర్‌లో దాచి, గమ్యం తెలిసిన వెంటనే వరుస తప్పకుండా అందులోకి పంపడం రెండవ పద్ధతి. దీనికి చక్కని ఆదర్శం లినక్స్ కెర్నెల్. కంప్యూటర్ మొదలైన తొలి క్షణాల్లో తెర పరికరం గానీ డిస్క్ గానీ సిద్ధంగా ఉండవు. అయినా కెర్నెల్ తన సందేశాలను ప్రింట్‌కే అనే ఫంక్షన్ ద్వారా స్మృతిలోని వలయాకార బఫర్‌లో రాస్తుంది. కన్సోల్ నమోదైనప్పుడు అంతకుముందు చేరిన సందేశాలను దానిపై మళ్లీ చూపిస్తుంది. తరువాత ఎప్పుడైనా డీమెస్‌గ్ ఆదేశంతో వాటిని చదువుకోవచ్చు.

పైథాన్ భాషలోని లాగింగ్ గ్రంథాలయంలో మెమరీ హ్యాండ్లర్ ఈ పని చేస్తుంది. అది సందేశాలను నిలువ ఉంచి, నిర్ణీత సంఖ్య దాటినప్పుడు లేదా తీవ్రమైన దోషం వచ్చినప్పుడు వాటిని మరొక గమ్యానికి అప్పగిస్తుంది. అప్పటికి గమ్యం నిర్ణయం కాకపోతే అప్పగింత జరగదు. అందుచేత గమ్యాన్ని జతచేసే పని మరువకూడదు.

ఈ పద్ధతిలో పాటించవలసిన నియమాలు నాలుగు. మొదటిది, తొలిదశలో అన్ని తీవ్రతల సందేశాలనూ దాచాలి, ఏ తీవ్రత వరకు నమోదు చేయాలో చెప్పే కాన్ఫిగరేషన్ ఇంకా చదవలేదు కనుక వడపోత అప్పగించేటప్పుడే జరగాలి. రెండవది, ప్రతి సందేశానికీ అది పుట్టిన కాలాన్ని జతచేయాలి, అప్పగించిన కాలాన్ని కాదు. మూడవది, బఫర్‌కు పరిమితి ఉండాలి, పరిమితి దాటి కొన్ని సందేశాలు పోతే ఎన్ని పోయాయో ఒక వాక్యంలో చెప్పాలి. నాల్గవది, ప్రోగ్రాం మధ్యలో ఆగిపోయే ప్రతి దారిలోనూ బఫర్‌ను స్టాండర్డ్ ఎర్రర్‌కు ఖాళీ చేయాలి.

ఈ నాల్గవ నియమం అన్ని వేళలా సాధ్యం కాదు. స్మృతి ఉల్లంఘన వంటి కారణంతో ప్రోగ్రాం హఠాత్తుగా కూలిపోతే బఫర్ కూడా దానితో పోతుంది. అందువల్ల తీవ్రమైన దోషాలను బఫర్‌లో దాచడంతోపాటు, టెర్మినల్ అందుబాటులో ఉన్నంతవరకు అప్పటికప్పుడే స్టాండర్డ్ ఎర్రర్‌కు కూడా రాయడం క్షేమం. ఒక సందేశం రెండు చోట్ల కనబడడం చిన్న ఇబ్బంది, ఎక్కడా కనబడకపోవడం పెద్ద నష్టం.

5.3 పైప్ ద్వారా జనక ప్రాసెస్‌కు తెలియజేయడం:
కొన్ని పనులను ఫోర్క్ తరువాతనే చేయాలి. థ్రెడ్లను ప్రారంభించడం అటువంటిది. అక్కడ వచ్చే దోషాలకు మూడవ పద్ధతి ఉపకరిస్తుంది. ఫోర్క్‌కు ముందు పేరులేని పైప్ ఒకటి సృష్టించాలి. దానికి చదివే కొస, రాసే కొస ఉంటాయి. ఫోర్క్ తరువాత జనక ప్రాసెస్ వెంటనే ముగియకుండా చదివే కొస దగ్గర వేచి ఉంటుంది. శిశు ప్రాసెస్ తన సన్నాహమంతా పూర్తయ్యాక పైప్‌లో ‘సిద్ధం’ అన్న గుర్తు రాస్తుంది. దోషం వస్తే దోష సందేశాన్ని రాస్తుంది. జనక ప్రాసెస్ మొదటి సందర్భంలో 0తో ముగుస్తుంది. రెండవ సందర్భంలో ఆ సందేశాన్ని టెర్మినల్‌పై చూపి వేరొక సంఖ్యతో ముగుస్తుంది.

ఈ పద్ధతి బలం మరొకటి ఉంది. శిశు ప్రాసెస్ ఏ మాటా చెప్పకుండా కూలిపోయినా, దాని రాసే కొసను కెర్నెల్ మూసివేస్తుంది. చదివే కొస దగ్గర ఉన్న జనకానికి ప్రవాహం ముగిసినట్లు తెలుస్తుంది. ‘సిద్ధం’ అన్న గుర్తు రాకుండానే ప్రవాహం ముగిసిందంటే శిశువు మరణించిందని అర్థం. ఇక్కడ మౌనం కూడా సమాచారమే.

అయితే రెండు జాగ్రత్తలు తప్పనిసరి. జనక ప్రాసెస్ తన దగ్గర ఉన్న రాసే కొస ప్రతిని ముందుగా మూసివేయాలి. లేకపోతే ప్రవాహం ఎప్పటికీ ముగియదు, జనకం అనంతంగా వేచి ఉంటుంది. అలాగే శిశువు మరేదైనా సహాయక ప్రోగ్రాంను నడిపితే ఆ కొస దానికి వారసత్వంగా పోకుండా, కొత్త ప్రోగ్రాం మొదలవగానే మూసుకునే గుర్తును దానిపై ఉంచాలి. సిస్టమ్‌డి ప్రాజెక్టు ప్రచురించిన డీమన్ల మార్గదర్శక పత్రంలో కూడా పాత పద్ధతి డీమన్లకు ఈ నియమం కనిపిస్తుంది. సన్నాహం ముగిసిందని పైప్ వంటి సాధనంతో మూల ప్రాసెస్‌కు తెలియజేసిన తరువాతనే మూల ప్రాసెస్ నిష్క్రమించాలని అది చెబుతుంది.

5.4 నిష్క్రమణ సంఖ్యలు:
ఎంత చెడ్డ స్థితిలోనైనా మిగిలి ఉండే మార్గం నిష్క్రమణ సంఖ్య. ఫైల్ తెరవనక్కరలేదు, టెర్మినల్ ఉండనక్కరలేదు. 0 విజయాన్ని, మిగిలినవి వైఫల్యాన్ని సూచిస్తాయి. బీఎస్‌డీ సంప్రదాయంలో 64 నుంచి 78 వరకు సంఖ్యలకు నిర్దిష్ట అర్థాలున్నాయి. ఉదాహరణకు 73 అంటే ఫలిత ఫైల్‌ను సృష్టించలేకపోవడం, 77 అంటే అనుమతి లేకపోవడం, 78 అంటే కాన్ఫిగరేషన్ దోషం. అన్ని వైఫల్యాలకూ 1 అని ముగించే ప్రోగ్రాం కంటే ఈ తేడా చూపే ప్రోగ్రాం నిర్వాహకుడికి ఎక్కువ మేలు చేస్తుంది.

5.5 ప్రత్యామ్నాయాల వరుస:
కోరుకున్న లాగ్ ఫైల్ తెరుచుకోకపోతే ఏమి చేయాలన్నది ముందే నిర్ణయమై ఉండాలి. స్టాండర్డ్ ఎర్రర్, ఆపైన సిస్‌లాగ్, చివరికి నిష్క్రమణ సంఖ్య అన్నది సహేతుకమైన వరుస. సిస్‌లాగ్‌ను 1980లలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ ప్రాజెక్టులో భాగంగా రూపొందించాడు. దాని వాడుకను 2001లో ఆర్‌ఎఫ్‌సీ 3164 వివరించగా, 2009లో ఆర్‌ఎఫ్‌సీ 5424 దానికి ప్రమాణ రూపం ఇచ్చింది. ఇందులో ప్రతి సందేశానికీ అది ఏ వర్గానికి చెందినదో, ఎంత తీవ్రమైనదో తెలిపే సంఖ్య ఉంటుంది. వర్గం సంఖ్యను 8తో గుణించి తీవ్రత సంఖ్యను కలిపితే ఆ విలువ వస్తుంది. డీమన్ల వర్గం 3, దోషం తీవ్రత 3 కనుక డీమన్ దోష సందేశానికి 27 వస్తుంది.

సిస్‌లాగ్‌ను కూడా గుడ్డిగా నమ్మకూడదు. సందేశం పంపే ఫంక్షన్ ఏ ఫలితాన్నీ తిరిగి ఇవ్వదు. సందేశం చేరిందో లేదో పంపినవారికి తెలియదు. అందుకే ఓపెన్‌లాగ్ ఫంక్షన్‌లో కొన్ని సహాయక గుర్తులున్నాయి. లాగ్ పెరర్ అన్న గుర్తు సందేశాన్ని స్టాండర్డ్ ఎర్రర్‌కు కూడా పంపుతుంది. లాగ్ కాన్స్ అన్నది, సిస్‌లాగ్‌కు పంపడం విఫలమైతే వ్యవస్థా కన్సోల్‌పై రాస్తుంది. లాగ్ ఎన్‌డిలే అన్నది మొదటి సందేశం వరకు ఆగకుండా వెంటనే సంబంధాన్ని తెరుస్తుంది. ప్రోగ్రాం తన మూల డైరెక్టరీని మార్చుకొని సిస్‌లాగ్ సాకెట్ కనబడని చోటికి వెళ్లే పక్షంలో ఇది అవసరం.

6. వాడుకలో ఉన్న ప్రోగ్రాముల తీరు:

ఎంజిన్‌ఎక్స్ సర్వర్ కాన్ఫిగరేషన్ చదవకముందు వచ్చే దోషాల కోసం, సంకలనం చేసేటప్పుడే నిర్ణయించిన ఒక దోష లాగ్ చిరునామాను వాడుతుంది. కాన్ఫిగరేషన్‌లో వేరే చిరునామా ఇచ్చినా, తొలి క్షణాల్లో ఈ చిరునామానే తెరవడానికి ప్రయత్నిస్తుంది. సాధారణ వాడుకరిగా నడిపినప్పుడు, తాము కోరని లాగ్ ఫైల్‌కు అనుమతి లేదన్న హెచ్చరిక కనిపించి చాలామంది తికమకపడడానికి కారణం ఇదే. 1.19.5 కూర్పులో వచ్చిన ఈ అనే ఐచ్ఛికంతో ఆ తొలి చిరునామాను కమాండ్ లైన్ నుంచే మార్చవచ్చు. చక్రీయ ఆధారం నుంచి బయటపడే దారి ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. కమాండ్ లైన్ సమాచారం కాన్ఫిగరేషన్ కంటే ముందే అందుతుంది.

అపాచీ సర్వర్ కూడా ప్రారంభ దోషాలను ప్రత్యేక ఫైల్‌లోకి పంపడానికి కమాండ్ లైన్ ఐచ్ఛికాన్ని ఇస్తుంది. ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌ను టెర్మినల్ నుంచి విడిపోకుండా, సందేశాలను స్టాండర్డ్ ఎర్రర్‌కు పంపే విధంగా నడపవచ్చు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మరింత నిజాయితీ గల పద్ధతిని అనుసరిస్తుంది. దానిలో లాగ్ సేకరణకు వేరే ప్రాసెస్ ఉంటుంది. అది మొదలయ్యే వరకు సందేశాలు స్టాండర్డ్ ఎర్రర్‌కే వెళ్తాయి. అది మొదలవగానే, ఇకపై లాగ్ సేకరణ ప్రాసెస్‌కు సందేశాలు మళ్లుతున్నాయనీ, అవి ఫలానా డైరెక్టరీలో కనిపిస్తాయనీ పాత దారిలోనే ఒక సందేశం ఇస్తుంది. ఇల్లు మారేవారు పాత ఇంటి తలుపుమీద కొత్త చిరునామా అతికించి వెళ్లడం వంటిది ఇది. ఒక్క వాక్యంతో చదువరి వెదకవలసిన చోటు తెలిసిపోతుంది.

7. పర్యవేక్షక వ్యవస్థలు – మారిన దృక్పథం:

ప్రోగ్రాం తనంతట తాను టెర్మినల్ నుంచి విడిపోవడమే అనవసరమన్న దృక్పథం కూడా ఉంది. డేనియల్ బెర్న్‌స్టీన్ రూపొందించిన డీమన్‌టూల్స్ ఈ దారిని చూపింది. ప్రోగ్రాం ముందు వరుసలోనే నడుస్తూ తన ప్రవాహాల్లోకి రాస్తుంది. వేరొక పర్యవేక్షక ప్రోగ్రాం దానిని నేపథ్యంలో ఉంచి, దాని సందేశాలను సేకరిస్తుంది. నేడు అనేక లినక్స్ పంపిణీల్లో ఉన్న సిస్టమ్‌డి ఇదే ఆలోచనను విస్తృతపరచింది. సేవల స్టాండర్డ్ అవుట్‌పుట్, స్టాండర్డ్ ఎర్రర్‌లు జర్నల్ అనే లాగ్ వ్యవస్థకు కలిసి ఉంటాయి. అందువల్ల ప్రోగ్రాం తొలి క్షణంలో రాసిన వాక్యం కూడా నిలుస్తుంది.

అయినా తొలిదశ సమస్య పూర్తిగా తీరలేదు, కొంత స్థానం మారింది. సిస్టమ్‌డిలో సింపుల్ రకం సేవను, దాని ప్రాసెస్ సృష్టి కాగానే మొదలైనట్లు పరిగణిస్తారు. నడపవలసిన ప్రోగ్రాం ఫైల్ లేకపోయినా ప్రారంభ ఆదేశం సఫలమైనట్లే ముగియవచ్చు. ఎగ్జెక్ రకం సేవలో ఆ ఫైల్ నిజంగా నడవడం మొదలయ్యే వరకు వేచి ఉంటారు. నోటిఫై రకంలో ప్రోగ్రాం తానే ‘సిద్ధం’ అన్న సందేశం పంపే వరకు వేచి ఉంటారు. పై విభాగంలోని పైప్ పద్ధతికి ఇది ప్రామాణిక రూపం.

ప్రాసెస్ సృష్టికీ అసలు ప్రోగ్రాం ప్రారంభానికీ మధ్య సిస్టమ్‌డికి కూడా తొలిదశ ఉంది. అక్కడ జరిగిన వైఫల్యాలను అది 200కు పైబడిన నిష్క్రమణ సంఖ్యలతో సూచిస్తుంది. 203 అంటే ప్రోగ్రాం ఫైల్‌ను నడపలేకపోవడం, 217 అంటే పేర్కొన్న వాడుకరిని గుర్తించలేకపోవడం లేదా ఆ వాడుకరిగా మారలేకపోవడం. ఎంత పెద్ద వ్యవస్థ అయినా చివరికి నిష్క్రమణ సంఖ్యనే ఆశ్రయించడం గమనార్హం.

8. మరికొన్ని జాగ్రత్తలు:

తొలిదశ లాగ్‌లో అన్నీ రాయడం క్షేమం కాదు. కాన్ఫిగరేషన్‌లో దోషమున్న వాక్యాన్ని యథాతథంగా నమోదు చేస్తే అందులో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉండవచ్చు. ఫైల్ పేరు, వాక్యం సంఖ్య, అంశం పేరు చెబితే చాలు, విలువ చెప్పనక్కరలేదు.

కాన్ఫిగరేషన్‌ను తిరిగి చదివే సందర్భం మరొక తొలిదశ వంటిది. చాలా డీమన్లు హ్యాంగప్ సంకేతం అందగానే కాన్ఫిగరేషన్‌ను మళ్లీ చదువుతాయి. కొత్త లాగ్ ఫైల్ తెరుచుకున్నదని నిర్ధారణ అయ్యే వరకు పాతదానిని మూయకూడదు. కొత్తది తెరుచుకోకపోతే ఆ సంగతిని పాతదానిలోనే రాసి, పాత అమరికతో కొనసాగాలి.

ఈ ఏర్పాట్లను పరీక్షించడమూ అభివృద్ధిలో భాగమే. లేని కాన్ఫిగరేషన్ ఫైల్, రాసే అనుమతి లేని లాగ్ డైరెక్టరీ, ఇతర ప్రోగ్రాం ఆక్రమించిన పోర్టు, నిండిపోయిన డిస్క్ అన్న నాలుగు స్థితులను కావాలని కల్పించి ప్రోగ్రాంను ప్రారంభించాలి. ప్రతి సందర్భంలోనూ రెండు ప్రశ్నలు వేయాలి. కారణం చెప్పే వాక్యం ఎక్కడైనా మనిషి చూడగల చోట కనిపించిందా? నిష్క్రమణ సంఖ్య 0 కాకుండా ఉందా? రెండింటికీ అవునన్న సమాధానం వస్తేనే ప్రోగ్రాం వాడుకకు యోగ్యం. విద్యార్థులకు ప్రయోగశాలలో ఇచ్చే అభ్యాసాల్లో ఈ నాలుగు స్థితులను చేర్చవచ్చు.

9. ఉపసంహారం:

తొలిదశ దోషాల నమోదు పైకి చిన్న సాంకేతిక వివరంగా కనిపిస్తుంది. నిజానికి అది ప్రోగ్రాంకూ దానిని నమ్ముకున్న మనిషికీ మధ్య ఉన్న ఒప్పందం. ప్రారంభ ఆదేశం సఫలమైందని చెప్పడం ఆ ఒప్పందంలో మొదటి మాట. సన్నాహం పూర్తికాకముందే ఆ మాట చెబితే తరువాత లాగ్‌లో ఎన్ని వాక్యాలు రాసినా విశ్వాసం నిలవదు.

విడిపోకముందే పరీక్షించడం, గమ్యం తెలిసే వరకు స్మృతిలో దాచడం, పైప్ ద్వారా జనకానికి నిజం చెప్పడం, అర్థవంతమైన సంఖ్యతో నిష్క్రమించడం, ప్రత్యామ్నాయాలను వరుసగా సిద్ధంగా ఉంచడం అన్న అయిదు పద్ధతుల వెనుక ఉన్న సూత్రం ఒక్కటే. కొత్త దారి తెరుచుకున్నదని రుజువయ్యే వరకు పాత దారిని మూయకూడదు. గ్రంథాలయం ఉదాహరణలోని ప్రోగ్రాం తన జనక ప్రాసెస్‌ను కొద్ది క్షణాలు ఆపి ఉంచి ఉంటే, డిస్క్ లేదన్న ఒక్క వాక్యం ఆ రోజే నిర్వాహకుడి తెరమీద కనిపించేది. ఆ నెలల చిత్రాలు మిగిలేవి.